తగ్గింది సరే, ఎంత నుంచి ఎంతకు?

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది పాలకొల్లులో ఒక జనరల్ స్టోర్స్. మీ పేపర్ రోజూ మా కౌంటర్ మీదే ఉంటుంది, సరుకు కట్టేలోపు వచ్చినవాళ్లు అటూ ఇటూ తిరగేసి చదువుతుంటారు. మీరు 'తగ్గింది', 'తగ్గించారు', 'తగ్గింపు' అనే మాటల్ని వాడే తీరు మీద నాకు ఎప్పట్నుంచో ఒక ఫిర్యాదు ఉంది. ఇది భాషాభిమానంతో రాస్తున్న ఉత్తరం కాదు, నేను పండితుణ్ణి కూడా కాదు. మీరు రాసే ఆ ఒక్క మాట వల్ల కౌంటర్ ఇవతల నిలబడ్డ నేను దొంగనయిపోతున్నాను కాబట్టి రాస్తున్నాను.

2025 సెప్టెంబర్ 3న జీఎస్టీ కౌన్సిల్ కొత్త రేట్లు ప్రకటించింది, అవి 22 నుంచి అమల్లోకి వచ్చాయి. 12, 28 శాతం శ్లాబులు ఎత్తేశారు, సబ్బు, షాంపూ, టూత్‌పేస్ట్, తలనూనె 18 నుంచి 5కి వచ్చాయి. మర్నాడు మీరు మొదటి పేజీలో రంగుల బాక్స్ వేశారు, 'షాంపూ 13 శాతం తగ్గింపు, నెయ్యి 7 శాతం తగ్గింపు, ఏసీ 10 శాతం తగ్గింపు' అని. అది చూసి జనం లెక్క కట్టుకుని వచ్చారు. 59 రూపాయల షాంపూ సీసా మీద 13 శాతం అంటే 7 రూపాయల 67 పైసలు, కాబట్టి 51 రూపాయల చిల్లరకి ఇవ్వాలి కదా, 52 రూపాయల 50 పైసలు ఎందుకు తీసుకుంటున్నావు అని అడిగారు. ఒకాయన అయితే ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసి నా మొహం ముందు పెట్టాడు, వెనకాల నలుగురు నిలబడి ఉండగా.

ఆయన వేసిన గుణకారం తప్పు కాదు. మీ బాక్సే తప్పు. 59 రూపాయల సీసాలో అసలు ధర 50, దాని మీద 18 శాతం పన్ను 9 రూపాయలు. కొత్త పన్ను 5 శాతం, అంటే రెండున్నర. మొత్తం 52 రూపాయల 50 పైసలు. పన్ను 13 తగ్గింది నిజమే, కానీ అది పన్నుకి ముందు ధర మీద లెక్క. కొనేవాడి చేతిలోంచి వెళ్లే డబ్బు మీద చూస్తే 118లో 13 తగ్గినట్టు, అంటే 11 శాతం. ఏసీల సంగతీ అంతే. 128 కాస్తా 118 అయింది, అది పది శాతం కాదు, 7.8 శాతం. మోటార్ సైకిల్ కొందామని వెళ్లినవాడికి లక్షా 28 వేల మీద పది శాతం అంటే 12,800 తగ్గాలి అనిపిస్తుంది, షోరూంలో మాత్రం పదివేలే తగ్గిస్తారు. వాడక్కడ గొడవ పడతాడు. షోరూం వాళ్లకి గ్లాస్ క్యాబిన్, టై కట్టుకున్న మేనేజర్ ఉంటాడు, ఏదో సర్దిచెప్తాడు. మాకెవరున్నారు?

నెయ్యి లెక్క చూడండి, ఇది నాకు భలే ముచ్చటేసింది. 12 నుంచి 5కి వచ్చింది, అంటే 112 రూపాయలది 105 అయింది. 112లో 7 అంటే సరిగ్గా పదహారో వంతు. పాత రోజుల్లో రూపాయికి పదహారు అణాలు. కాబట్టి మా షాపుకి వచ్చే పెద్దవాళ్లకి 'రూపాయికి అణా తగ్గిందండీ' అని చెప్పాను, ఠక్కున అర్థమైపోయింది, ఎవరూ కాలిక్యులేటర్ తీయలేదు. మీ బాక్స్‌లో ఏడు శాతం అని ఉంది, అసలు లెక్క ఆరుంపావు.

ఇదంతా ఎక్కడ మొదలవుతుందో నాకు తెలిసినంతలో చెప్తాను. ఢిల్లీ నుంచో బొంబాయి నుంచో వచ్చే ప్రెస్‌నోట్ ఇంగ్లీషులో ఉంటుంది, అందులో 'రెడ్యూస్' అనే క్రియ ఉంటుంది. ఇంగ్లీషు వాడు దాని వెనకాల ఒక బుల్లి మాట తగిలిస్తాడు. 'బై' అంటే అంత మేర తగ్గింది అని, 'టు' అంటే అంతకు వచ్చి ఆగింది అని. తెలుగులో మనకి ఆ బుల్లి మాట కూడా అక్కర్లేదు, 'కి' అనే ఒక్క అక్షరం చాలు. 'పది శాతం తగ్గింది' వేరు, 'పది శాతానికి తగ్గింది' వేరు. 'మూడో వంతు తగ్గింది' అంటే రెండొంతులు ఇంకా మిగిలే ఉంది, 'మూడో వంతుకు తగ్గింది' అంటే రెండొంతులు పోయింది. ఇంత చక్కటి ఏర్పాటు మన భాషలో ఉండగా, హెడ్డింగ్‌లో చోటు చాలదని ఆ ఒక్క అక్షరాన్నీ కొట్టేస్తున్నారు. 'మేర' అనే మాట మీ పేపర్లో వానల వార్తల్లో తప్ప కనిపించడం లేదు, వందల ఎకరాల మేర పంట నష్టం అని. దాన్ని ధరల వార్తల్లోకి కూడా తెచ్చుకోవచ్చు కదా.

దీనికి నాకు దొరికిన మంచి ఉదాహరణ మాతృ మరణాల లెక్క. కేంద్ర ప్రభుత్వం నమూనా సర్వే చేసి ఇస్తుంది, పిల్లలు ప్రాణంతో పుట్టిన ప్రతి లక్ష కాన్పులకు ఎంతమంది తల్లులు చనిపోయారు అని. 2014-16లో తెలంగాణలో అది 81, 2018-20కి 43 అయింది. మన ఆంధ్రలో 74 నుంచి 45 అయింది. దేశం మొత్తం మీద 130 నుంచి 97. ఇప్పుడు తెలంగాణ లెక్కనే 'తగ్గింది' అని రాయాలంటే మూడు రకాలుగా రాయొచ్చు, మూడూ నిజమే. 38 తగ్గింది. 43కి తగ్గింది. 47 శాతం తగ్గింది. హెడ్డింగ్‌లో 'మాతృ మరణాలు 43 తగ్గుదల' అని వస్తే మాత్రం మూడిట్లో ఏదీ కాదు. 43 మంది తగ్గారనుకోవాలా, 43 శాతం తగ్గిందనుకోవాలా, 43కి వచ్చిందనుకోవాలా? దీని వెనకాల ఎంతమంది నర్సులు, ఆశా కార్యకర్తలు, 108 డ్రైవర్లు రాత్రీ పగలూ తిరిగారో, ఆ పనికి తగ్గ వాక్యం ఒక్కటి కూడా సరిగ్గా పడకపోతే ఎలా అండీ? '81 నుంచి 43కి' అని రాస్తే అయిపోయేది. అసలు 'తగ్గింది' అనే మాట కూడా అక్కర్లేదు, అంకెలే చెప్పేస్తాయి.

ఇంకో చిక్కు మన తెలుగులోనే ఉంది, దాన్ని మీరు పట్టించుకున్నట్టు లేదు. మనం 'జ్వరం తగ్గిందా?' అని అడిగితే 104 నుంచి 101కి వచ్చిందా అని కాదు, పోయిందా అని. 'జలుబు తగ్గింది' అంటే ఇక లేదని. 'కోపం తగ్గింది' అంటే మళ్లీ మాట్లాడుకుంటున్నారని. అంటే తెలుగువాడి చెవికి 'తగ్గింది' అన్నమాటలో సగం 'వదిలిపోయింది' అనే వినిపిస్తుంది. ఇంగ్లీషు 'రెడ్యూస్'కి ఆ అర్థం లేదు, అది కొంచెం దిగినా రెడ్యూసే. ఈ తేడా చూసుకోకుండా 'ద్రవ్యోల్బణం తగ్గింది' అని బ్యానర్ కట్టారనుకోండి, జనానికి ఏమని అర్థమవుతుంది? ధరల బాధ వదిలింది అని. సాయంత్రానికల్లా మా కౌంటర్ దగ్గర 'పేపర్లో ధరలు తగ్గాయని వేశారు, మీ షాపులో ఎప్పుడు తగ్గుతాయి?' అనే ప్రశ్న.

2024 అక్టోబర్‌లో ద్రవ్యోల్బణం 6.21 శాతం. 2025 అక్టోబర్‌లో 0.25 శాతం. చాలా తగ్గింది, ఒప్పుకుంటాను. కానీ తగ్గింది ధర కాదు, ధర పెరిగే వేగం. 2023 అక్టోబర్‌లో వంద రూపాయలకి వచ్చిన సరుకు ఏడాది తర్వాత 106 రూపాయల 21 పైసలు, ఆ తర్వాతి ఏడాదికి 106 రూపాయల 48 పైసలు. ఎక్కడా దిగలేదు. బస్సు డెబ్భై మీద పోతూ పోతూ ముప్ఫైకి వచ్చిందంటే వెనక్కి నడిచినట్టు కాదు కదా, ముందుకే పోతోంది. అయితే న్యాయంగా ఒక మాట చెప్పాలి, ఆ అక్టోబర్‌లో తిండి సరుకుల లెక్క విడిగా చూస్తే మైనస్ 5.02 శాతం. అంటే కూరగాయలు, పప్పులు నిజంగానే అంతకుముందు ఏడాది కంటే చవకయ్యాయి. మా షాపులో కందిపప్పు ధర చూసిన ఎవరికైనా తెలుసు. వంటనూనె మాత్రం ఎక్కింది. ఒకటి దిగింది, ఒకటి ఎక్కింది, మొత్తం మీద పెరగడం నెమ్మదించింది. ఈ మూడూ విడివిడిగా రాయాల్సిన వార్త, మీరు ఒక్క 'తగ్గింది'తో మూడిటికీ మూత పెట్టేశారు. 'ధరల పెరుగుదల నెమ్మదించింది' అని రాస్తే అక్షరాలు నాలుగు ఎక్కువవుతాయి, అంతే.

రిజర్వ్ బ్యాంక్ వార్తల దగ్గరకి వస్తే మరీను. 2025 ఫిబ్రవరిలో రెపో రేటు, అంటే బ్యాంకులకి రిజర్వ్ బ్యాంక్ ఇచ్చే అప్పు మీద వడ్డీ, 6.50 నుంచి 6.25కి, ఏప్రిల్‌లో 6కి, జూన్‌లో ఒకేసారి 5.50కి, డిసెంబర్‌లో 5.25కి తెచ్చారు. డిసెంబర్‌లో వచ్చిన హెడ్డింగ్ 'రెపో పావు శాతం కోత'. వాడుకలో అందరం అలాగే అంటాం, నేనూ అంటాను, బ్యాంకు మేనేజర్ కూడా అలాగే అంటాడు, దాని మీద నాకు పేచీ లేదు. కాకపోతే అదే వార్త లోపల ఇంకోచోట 'ఈ ఏడాది వడ్డీ 19 శాతం తగ్గింది' అని కూడా వస్తే చదివేవాడు ఏం చేయాలి? ఆరున్నరలో ఒకటింపావు పోతే నూటికి 19 పోయినట్టే, లెక్క తప్పు కాదు. కానీ ఒకే పేరాలో ఒక శాతం పాయింట్లలో, ఇంకో శాతం నిష్పత్తిలో ఉంటే, రెండిటికీ 'తగ్గింది' అనే ఒకే మాట ఉంటే, ఆ పేరా చదివిన మా బావమరిది తన ఈఎంఐ కూడా 19 శాతం తగ్గుతుందని నెల రోజులు ఎదురుచూశాడు.

ఆ ఈఎంఐ కథ కూడా చెప్తాను, ఎందుకంటే ఇక్కడ ఏది తగ్గుతుంది అనేదే అసలు ప్రశ్న. 30 లక్షల అప్పు, ఇరవై ఏళ్లు, 9 శాతం వడ్డీ అయితే నెలకి 26,992 రూపాయలు. వడ్డీ 8కి దిగితే 25,093. అంటే వడ్డీ ఒక పాయింట్ తగ్గింది, అది తొమ్మిదిలో ఒకటి కాబట్టి నూటికి 11 తగ్గినట్టు, కానీ కంతు తగ్గింది మాత్రం 7 శాతం. అసలు కూడా అందులోనే కలిసి ఉంటుంది కాబట్టి. ఇదీ బ్యాంకు కంతు తగ్గిస్తే సంగతి. చాలాసార్లు బ్యాంకులు కంతు ముట్టుకోవు, నెలలు తగ్గిస్తాయి. అదే 26,992 కడుతూ పోతే ఇరవై ఏళ్ల అప్పు దాదాపు పదిహేడేళ్లకే తీరిపోతుంది. చెప్పాలంటే అదే లాభం ఎక్కువ. కానీ ఫోన్‌కి వచ్చే మెసేజ్‌లో కంతు మారలేదు, పేపర్లో తగ్గిందని ఉంది, మనిషి టెన్షన్ పడి బ్యాంకు చుట్టూ తిరిగాడు. అక్కడ కౌంటర్‌లో అమ్మాయి 'టెన్యూర్ రెడ్యూస్ అయింది సార్' అంది. టెన్యూర్ అంటే అప్పు తీర్చే గడువని వాడికి తెలీదు, రెడ్యూస్ ఒక్కటే వినపడింది, సంతోషంగా ఇంటికొచ్చాడు. మళ్లీ నెల అదే మొత్తం కట్ అయ్యేసరికి నాకు ఫోన్.

ఇంకోటి. 'వడ్డీ కోత' అని మీరు పండగలాగా వేస్తారు, అప్పు తీసుకున్నవాడికి అది పండగే. రిటైరై ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ మీద బతికే మాస్టారికి అదే కోత, అసలైన కోత. ఒకే హెడ్డింగ్ ఒకడికి శుభవార్త, పక్కింటివాడికి చేదు వార్త. కోత అనే మాట కరెంటు కోతకి, జీతం కోతకి పనికొస్తుంది, నష్టం జరిగినప్పుడు వాడే మాట అది. వడ్డీకి 'తగ్గింపు' అనండి, లేదా ఎంత నుంచి ఎంతకో రాసి వదిలేయండి, పండగో కాదో ఎవరిది వాళ్లు చూసుకుంటారు.

'రెట్లు తగ్గింది' అని రాయడం ఇక చాలించాలి. 'పోయినేడాదితో పోలిస్తే మిర్చి ధర రెండు రెట్లు తగ్గింది' లాంటి వాక్యాలు. రెట్టింపు అంటే పెరగడం. ఒక రెట్టు తగ్గితేనే మొత్తం పోయి సున్నా అవుతుంది, రెండు రెట్లు తగ్గాలంటే రైతే ఎదురు డబ్బులిచ్చి మిరపకాయలు ఇచ్చి రావాలి. (ఒక్కోసారి హమాలీ, కిరాయి, కమీషన్ అన్నీ పోను రైతు పరిస్థితి దాదాపు అలాగే ఉంటుంది, అది వేరే సంగతి.) సగానికి పడింది అనండి, మూడో వంతుకి పడింది అనండి. వంతులు ఉన్నాయి కదా మనకి, పావు, సగం, ముప్పావు, ఇవి ఎవరికి తెలీవు? అమెరికా అధ్యక్షుడు ట్రంప్ గారు 2025లో మందుల ధరలు 1,000 శాతం, 1,500 శాతం తగ్గిస్తామని మాట్లాడారు. నూరు శాతం తగ్గితేనే మందు ఉచితం, ఆపైన అంటే మందుల షాపువాడే డబ్బు లెక్కపెట్టి మన చేతిలో పెట్టాలి. అలాంటి మాటని ఉన్నదున్నట్టు హెడ్డింగ్‌లో పెట్టేముందు పక్కనే ఒక లైన్ వేయాలి, ఇది లెక్కకి కుదరదు అని. ఆయన చెప్పాడు, మేం వేశాం అంటే సరిపోదు.

అలాగే తగ్గినదాన్ని మళ్లీ పెరిగినదానితో జత చేసేటప్పుడు. క్వింటా 20 వేలున్న మిర్చి పదివేలకి పడితే 50 శాతం తగ్గింది. తర్వాత 50 శాతం పెరిగితే 'ధర కోలుకుంది' అని రాస్తారు. ఎక్కడ కోలుకుంది? పదిహేను వేలే అయింది. పాత చోటికి రావాలంటే నూరు శాతం పెరగాలి. ఈ లెక్క గుంటూరు యార్డులో తూకం వేసే కుర్రాడికి కూడా తెలుసు.

ప్రకటనల గురించి రాస్తే మీరు ఈ ఉత్తరం వేస్తారో లేదో అనుమానమే, అయినా రాస్తాను. ఆషాఢం వచ్చిందంటే మొదటి పేజీ మొత్తం చీరల షాపులవే. '50 + 20 శాతం తగ్గింపు'. చూసినవాళ్లు డెబ్భై అనుకుంటారు. ఐదు వేల చీర ముందు రెండున్నర వేలు, దాని మీద ఇరవై శాతం తీస్తే రెండు వేలు, అంటే తగ్గింది అరవై. డెబ్భై అయితే పదిహేను వందలకి రావాలి. పైగా '70 శాతం వరకు' అని వేసి ఆ 'వరకు'ని చీమ కన్నంత అక్షరాల్లో వేస్తారు. మా ఆవిడ ఆ 'వరకు' ఉన్న చీర కోసం షాపంతా వెతికింది, ఆ చీర పాపం ఏ మూల ఉందో ఎవరికీ తెలీదు.

బంగారం షాపుల 'తరుగు' ఇంకా విచిత్రం. తరగడం అంటే తగ్గడం. కానీ తరుగు ఎంత పెరిగితే మన బిల్లు అంత పెరుగుతుంది. అలాంటి తరుగు మీద మళ్లీ తగ్గింపు. 18 శాతం తరుగు ఉన్న పది గ్రాముల గొలుసు మీద 'తరుగులో 5 శాతం తగ్గింపు' అని ప్రకటన. 18లోంచి 5 పోయి 13 అవుతుందా, 18లో నూటికి ఐదు పోయి 17.1 అవుతుందా? మొదటిదైతే తరుగు 1.30 గ్రాములు, రెండోదైతే 1.71 గ్రాములు. తేడా గ్రాములో నాలుగు పదో వంతులు, ఇవాళ్టి రేట్లకి అది వేలల్లో మాట. అడిగితే అమ్మేవాడు నవ్వుతూ కూల్‌డ్రింక్ తెప్పిస్తాడు. వడ్లు అమ్మే రైతులకి ఇదే తరుగు ఇంకోరకంగా తెలుసు, తూకం దగ్గర తేమ, తాలు అంటూ బస్తాకి ఇన్ని కిలోలని తీసేస్తే దాని పేరూ తరుగే. బంగారంలో కలిపేది తరుగు, వడ్లలో తీసేది తరుగు, రెండు చోట్లా పోయేది మనకే. దీని మీద మీరొక మంచి ఆదివారం కథనం వేయొచ్చు.

కంపెనీల తగ్గింపు ఇంకోటుంది, దాని మీద మీరు రాసింది తక్కువ. ధర ముట్టుకోకుండా గ్రాములు తగ్గించడం. పది రూపాయల ప్యాకెట్ పది రూపాయలకే ఉంటుంది, లోపల బిస్కెట్లు తగ్గుతాయి, గాలి పెరుగుతుంది. పిల్లలే ముందు కనిపెడతారు. జీఎస్టీ తగ్గినప్పుడు మాత్రం కొన్ని కంపెనీలు దీన్ని తిరగేశాయి, చిల్లర ఇబ్బంది కాబట్టి ధర అలాగే ఉంచి గ్రాములు పెంచాయి. అదీ తగ్గింపే, కొనేవాడికి లాభమే, కానీ ఎమ్మార్పీ మారలేదు కాబట్టి 'నువ్వు తగ్గించలేదు' అనే మాట మళ్లీ మాకే. ప్యాకెట్ వెనకాల ఉన్న బరువు చదవమని చెప్తే అంత చిన్న అక్షరాలు ఎవరు చదువుతారయ్యా అంటారు, అదీ నిజమే.

కరోనా రోజుల్లో ఈ గందరగోళం ప్రాణాల మీదకి వచ్చింది. మన హైదరాబాద్‌లో తయారైన కోవాగ్జిన్ 77.8 శాతం పనిచేస్తుందని 2021లో వార్త వచ్చింది. అది చదివి మా వీధిలో ఒక పెద్దాయన 'అంటే టీకా వేసుకున్నా వందలో ఇరవై రెండు మందికి వస్తుందన్నమాట, మరెందుకు వేసుకోవడం' అని అందరికీ చెప్పుకుంటూ తిరిగాడు. అసలు సంగతి ఏమిటంటే, 25,798 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి టీకా, ఇంకో గుంపుకి ఉత్త సూది వేశారు. లక్షణాలతో జబ్బు వచ్చినవాళ్లు ఉత్త సూది గుంపులో 106 మంది, టీకా గుంపులో 24 మంది. వేలమందిలో 24, అంటే వందకి ఒకరు కూడా కాదు. 77.8 అనేది 106తో పోల్చి చూస్తే ప్రమాదం ఎంత మేర తగ్గిందో చెప్పే లెక్క. '106 మందికి రావాల్సిన చోట 24 మందికే వచ్చింది' అని ఒక్క వాక్యం ఉంటే ఆ పెద్దాయన కూడా వేసుకునేవాడేమో. మందుల కంపెనీల వార్తలు ఇప్పటికీ అలాగే వస్తున్నాయి, 'గుండెపోటు ముప్పు సగానికి సగం తగ్గుతుంది' అని. వందలో ఇరవై నుంచి పదికి వస్తే సగమే, పదివేలలో రెండు నుంచి ఒకటికి వచ్చినా సగమే. మొదటి దానికి అప్పు చేసైనా మందు వాడతాం, రెండో దానికి డాక్టర్‌ని ఇంకోసారి అడిగి చూస్తాం.

ఇంగ్లీషు 'రెడ్యూస్' అన్నింటికీ 'తగ్గించు' అని రాసేస్తే కుదరదు కూడా. మీ వంటల పేజీలో ఈమధ్య ఏదో ఫారిన్ వంటకం వేశారు, 'సాస్‌ను సగానికి తగ్గించండి' అని. మా అమ్మాయి సగం సాస్ గిన్నెలోంచి తీసి పక్కన పెట్టింది! అక్కడ చెప్పింది సన్నటి మంట మీద ఇగరనివ్వమని. మనకి 'ఇగురు' అని ఏకంగా కూరకే పేరుంది, రొయ్యల ఇగురు వండే ఊళ్లో ఉంటూ ఈ మాట తెలీకపోవడం ఏమిటి? పదో తరగతి పిల్లల లెక్కల్లో 6/8 అనే భిన్నాన్ని రెడ్యూస్ చేస్తే 3/4 అవుతుంది, విలువ రవ్వంత కూడా తగ్గదు. కెమిస్ట్రీలో అదే మాటకి క్షయకరణం అని పేరు, అక్కడ ఎలక్ట్రాన్లు తగ్గవు సరికదా వచ్చి చేరతాయి. అది మా అబ్బాయి చెప్పాడు, నేను చదివినప్పుడు ఎవరూ చెప్పలేదు.

పెద్ద పెద్ద మార్పులేమీ అడగటం లేదు. తగ్గింది అన్న ప్రతిచోటా 'ఎంత నుంచి', 'ఎంతకు' అనే రెండు అంకెలూ వేయండి. చోటు లేకపోతే శాతం తీసేసి రూపాయలు వేయండి. 2021 నవంబర్‌లో పెట్రోల్ మీద ఎక్సైజ్ సుంకం లీటరుకి 5 రూపాయలు, డీజిల్ మీద 10 రూపాయలు తగ్గించినప్పుడు రూపాయల్లోనే ప్రకటించారు కాబట్టి ఒక్కడికి కూడా అనుమానం రాలేదు, ఏ బంకులోనూ కాలిక్యులేటర్లు బయటికి రాలేదు. పన్ను తగ్గినప్పుడు పన్ను తగ్గిందని రాయండి, ధర ఎంత తగ్గుతుందో పక్కన వేరే లైన్‌లో వేయండి, అది మీ బిజినెస్ డెస్క్ వాళ్లకి రెండు నిమిషాల పని.

అన్నిటికంటే జిల్లా ఎడిషన్ సంగతి చూడండి. ఢిల్లీ వార్త తప్పుగా వస్తే ఇంకో పేపర్లోనో టీవీలోనో సరిగ్గా వస్తుంది. మా మండలంలో డెంగీ కేసులు తగ్గాయా, బడి మానేసే పిల్లలు తగ్గారా అనేది మీ జిల్లా పేజీలో తప్ప ఇంకెక్కడా రాదు. సమీక్షా సమావేశంలో అధికారి 'గణనీయంగా తగ్గాయి' అంటే మీ విలేకరి 'గణనీయంగా తగ్గాయి' అని రాసి పంపుతున్నాడు. 'ఎంత నుంచి ఎంతకు సార్?' అని అక్కడే అడగమనండి. చెప్తే అంకె వేయండి. చెప్పకపోతే, అడిగినా చెప్పలేదని రాయండి.

ఇట్లు,
మీ పాఠకుడు, జనరల్ స్టోర్స్ యజమాని,
పాలకొల్లు, పశ్చిమ గోదావరి జిల్లా